లక్షవత్తులూ, రామకోటీ, మధ్యలో సున్నా

లక్షకెన్ని సున్నలని అడిగితే టక్కున అయిదని చెప్పేశావు. బాగుంది మనవడా. మరి ఎనిమిది కోట్ల నలభై అయిదు లక్షల ఎనభై వేల ఏడు వందల డెబ్బై ఏడు అంకెల్లో రాయమంటే పెన్ను నోట్లో పెట్టుకుని చూరుకేసి చూస్తున్నావేం? ఇల్లు అలకగానే పండగ కాదురా నాయనా. ఆ మంటలోకి రెండు పుల్లలు ఎగదోసి, దుప్పటి కప్పుకుని ఇలా దగ్గరగా కూర్చో. ధనుర్మాసపు రాత్రి, ఇప్పుడప్పుడే తెల్లారదు. మీ ఆరో తరగతి పుస్తకంలోని పెద్ద సంఖ్యల పాఠం మా రోజుల్లో బళ్లో కన్నా ఇంట్లోనే ఎక్కువ జరిగేది. ఎలాగంటావా, చెబుతాను విను.

మా నాయనమ్మకి అక్షరం ముక్క రాదు. కాగితం మీద ఎక్కడ అవసరం పడినా వేలిముద్రే. ఆవిడ ఒక ఏడు కార్తీకమాసానికి లక్షవత్తుల నోము పట్టింది. లక్షంటే మాటలా? మధ్యాహ్నం భోజనాలయ్యాక వీధిలోని ఆడవాళ్లు నలుగురైదుగురు మా నడవలో చేరేవారు. గింజ తీసి ఏకిన దూది ముందేసుకుని, వేళ్లకి విభూతి అద్దుకుంటూ వత్తులు చేసేవారు. చేతులు పని చేస్తూ ఉంటే నోళ్లు ఊరి సంగతులన్నీ తిరగేసేవి. ఎవరింటి కోడలు ఎవరితో ఏమందో, ఏ సంబంధం ఎందుకు తప్పిపోయిందో అన్నీ ఆ నడవలోనే తేలేవి. అంత సందడిలోనూ లెక్క మాత్రం తప్పేది కాదు.

ఎలా లెక్కపెట్టేదనుకున్నావు? వంద వత్తులు కాగానే దారంతో కట్టగట్టి బుట్టలో వేసేది. ఆవిడ ముందు మూడు ఇత్తడి పళ్లేలు వరసగా ఉండేవి. కట్ట బుట్టలో పడగానే కుడిచేతి వైపు పళ్లెంలో ఒక చింతగింజ పడేది. అక్కడ పది గింజలు పోగవగానే ఆ పదీ తీసేసి మధ్య పళ్లెంలో ఒక్క గింజ వేసేది. మధ్య పళ్లెంలో పదయితే అవీ తీసేసి ఎడమ పళ్లెంలో ఒకటి. గింజలన్నీ ఒకే రకం. ఒకే చెట్టు కాయల్లోంచి వచ్చినవి. అయినా కుడి పళ్లెంలో ఉన్న గింజ వందని చెప్పేది, మధ్య పళ్లెంలోది వెయ్యని చెప్పేది, ఎడమ పళ్లెంలోది పదివేలని చెప్పేది. ఎప్పుడు అడిగినా పళ్లేల వంక ఒక్కచూపు చూసి, "మూడు, ఏడు, రెండు, అంటే ముప్పై ఏడు వేల రెండు వందలు" అని చెప్పేసేది. మీ పుస్తకంలో స్థాన విలువ, ముఖ విలువ అని రెండు పేర్లు పెట్టి చెప్పిన సంగతంతా ఆ మూడు పళ్లేల్లో ఉంది.

ఒకనాడు ఏం జరిగిందో చెప్పాలి. ఎడమ పళ్లెంలో నాలుగు గింజలు, కుడి పళ్లెంలో ఆరు. మధ్య పళ్లెం ఖాళీ. పక్కింటి పిన్నిగారు వేయించిన వేరుశనగకాయలు తెచ్చి, పెట్టడానికి పళ్లెం కోసం చుట్టూ చూసి, "ఇది ఊరికే పడుందిగా వదినా" అని ఆ ఖాళీ పళ్లేన్ని తీసేసుకున్నారు. మిగిలిన రెంటినీ పక్కపక్కకి జరిపారు కూడా, చూడ్డానికి పొందిగ్గా ఉంటుందని! కాయలు తిన్నారు, కబుర్లాడారు. ఆ తరవాత ఇంకొకావిడ లెక్క చూసి, "నాలుగూ ఆరూ, నాలుగు వేల ఆరు వందలేనా అయింది ఇన్నాళ్లకీ?" అని గుండె బాదుకుంది. ముప్పై ఆరు వేల వత్తులు గాల్లో కలిసిపోయినట్టే మరి! నా చేత గిన్నెడు వత్తులు చేయించారంటే నా చేతా చేయించారని అందరూ వాదులాటకి దిగారు. చివరికి బుట్ట బోర్లించి కట్టలు లెక్కపెడితే నాలుగు వందల ఆరు తేలాయి. అంటే నలభై వేల ఆరు వందలు. దీపాలవేళ దాకా అదే పని. ఆ రోజు నించీ మా నాయనమ్మ ఖాళీ పళ్లెం మీద ఎవరినీ చెయ్యి వెయ్యనిచ్చేది కాదు. "అందులో ఏం లేకపోయినా అది అక్కడ ఉండాలే" అనేది. సున్న గురించి అంతకన్నా బాగా చెప్పిన మాస్టారు నాకు ఈ జన్మలో తగల్లేదు.

ఇప్పుడు నీ లెక్కకొద్దాం. నేనడిగిన సంఖ్య 2011 జనాభా లెక్కల్లో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జనాభా. 8,45,80,777. చూశావా, చివర మూడు ఏడులున్నాయి. మొహాలు ఒకటే. కానీ మొదటిది ఏడు వందలు, రెండోది డెబ్బై, చివరిది ఒట్టి ఏడు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిని కూర్చున్నా ఫరవాలేదంటారు గానీ, అంకెల భోజనాల్లో ఆ మొహమాటాలు సాగవు. కూర్చున్న చోటును బట్టే వడ్డన. ఎనిమిదులు రెండున్నాయి, వాటి సంగతీ చూడు. మొదటి ఎనిమిది ఎనిమిది కోట్లు, రెండోది ఎనభై వేలు. మొదటిదాని విలువ రెండోదానికి వెయ్యి రెట్లు. ఇక ఆ వేల దగ్గరున్న సున్నని పిన్నిగారి పద్ధతిలో తీసేశావనుకో, మిగిలేది 84,58,777. ఏడు కోట్ల అరవై ఒక్క లక్షల ఇరవై రెండు వేల మంది మాయమైపోయారు! ఒక్క గుండ్రటి గీతకి ఎంతమంది జనమో చూడు.

ఇవాళ మీకు పదులతో సరిపోతోంది. అదెంత సుఖమో మీకు తెలీదు. మా చిన్నప్పుడు మూడు దమ్మిడీలు కాణీ, నాలుగు కాణీలు అణా, పదహారు అణాలు రూపాయి. కూడిక చెయ్యాలంటే దమ్మిడీలు పన్నెండయితే అణాల వరసకి ఒకటి పంపాలి, అణాలు పదహారయితే రూపాయల వరసకి ఒకటి, రూపాయలు మాత్రం మళ్లీ పదులకి. ఒక్క లెక్కలో మూడు రకాల న్యాయం! నేను ఫస్టు ఫారంలోకి రాబోతుండగా, 1957 ఏప్రిల్ 1న నయాపైసలొచ్చాయి. రూపాయికి వంద. నలుచదరంగా ఉండే అయిదు పైసల బిళ్లా, అంచుకి వంకీలున్న పది పైసల బిళ్లా చూసి పిల్లలం మురిసిపోయాం. పోస్టుకార్డు అయిదు నయాపైసలు.

పెద్దవాళ్లకి మాత్రం తిప్పలే. అణాకి ఆరేకాలు పైసలు రావాలి. కాలు పైస ఎక్కణ్నించి తెస్తాం? అందుకని అణాకి ఆరు, బేడకి పన్నెండు, మూడణాలకి పంతొమ్మిది, పావలాకి ఇరవై అయిదు అని పట్టీ వేసి కొట్లలో గోడకి అంటించారు. ఇంకేం, మా ఊళ్లో పొదుపరులు బయల్దేరారు. పావలా సరుకు ఒక్కసారి కొంటే ఇరవై అయిదు పైసలు, అణా చొప్పున నాలుగుసార్లు కొంటే ఇరవై నాలుగే. ఆ ఒక్క నయాపైస కోసం కొట్టుకీ ఇంటికీ నాలుగుసార్లు తిరిగినవాళ్లని ఈ కళ్లతో చూశాను. శెట్టిగారు కోప్పడకుండా నాలుగుసార్లూ పొట్లం కట్టి ఇచ్చేవారు, అది ఆయన పెద్దరికం. ఇక వీశకి అయిదు సేర్లు, మణుగుకి ఎనిమిది వీశలు, పుట్టికి ఇరవై మణుగులు అని తూకాల సంగతి ఎత్తుకున్నానంటే నిజంగానే తెల్లారుతుంది. పద, కోటి దగ్గరికి పోదాం.

లక్షకీ కోటికీ తేడా ఎంతని అడిగితే రెండు సున్నలంటావు. నిజమే. ఆ రెండు సున్నల బరువు తెలియాలంటే రామకోటి రాసేవాళ్లని అడగాలి. మా వీధిలో ఒక పెద్దాయన శ్రీరామనవమి పందిట్లో, మళ్లీ నవమి నాటికి కోటి పూర్తిచేసి భద్రాచలంలో సమర్పిస్తానని పదిమంది ముందూ అనేశారు. మా లెక్కల మాస్టారు అక్కడే ఉన్నారు. పందిట్లో ఏమీ అనలేదు. మర్యాద తెలిసిన మనిషి. మర్నాడు పొద్దున ఆయన అరుగు మీద కూర్చుని, చేతిలో కాఫీ గ్లాసుతో నెమ్మదిగా చెప్పారు. "బాబాయిగారూ, ఏడాదిలో కోటంటే రోజుకి ఇరవై ఏడు వేల పైచిలుకు పడుతుందండి. సెకనుకొక నామం చొప్పున రాసినా, కలం ఎత్తకుండా రోజూ ఏడున్నర గంటలు రాయాలి. పోనీ రోజుకి వెయ్యి చొప్పున రాశారా, లక్షకి వంద రోజులు. అంటే మూడు నెలల పది రోజులు. అదే కోటికి పదివేల రోజులు, ఇరవై ఏడేళ్లు దాటిపోతుంది."

పెద్దాయన కాసేపు గడ్డం నిమురుకున్నారు. అప్పటికే ఆయనకి అరవై దాటాయి. వెనక్కి తగ్గకుండా మాస్టారినే ఉపాయం అడిగారు. ముప్పై ఇళ్లవాళ్లు ఇంటికి రోజుకో వెయ్యి రాస్తే పదకొండు నెలల్లో కోటి దాటుతుందని మాస్టారే లెక్క కట్టి ఇచ్చారు. వీధివీధంతా గళ్ల పుస్తకాలు పట్టుకుంది. పిల్లలం కూడా రాశాం. రాసి రాసి వేళ్లు నొప్పెట్టాకే నాకు కోటంటే ఏమిటో తెలిసింది. నాయనమ్మ వత్తుల్లాంటి నోములు వంద పడితే గానీ ఒక్క కోటి నిండదు మరి.

ఆ మాస్టారు క్లాసులో చేయించిన అభ్యాసం ఒకటి నీకూ పనికొస్తుంది. ఆయన సంఖ్యని నోటితో చెప్పేవారు, మేం పలక మీద రాసి పైకెత్తి చూపించాలి. ఒకరోజు "ఇరవై లక్షల అయిదు వేల డెబ్బై" అన్నారు. మా బెంచీలో కుర్రాడు విన్నది విన్నట్టు రాసేశాడు. ముందు ఇరవై లక్షలు, దాని పక్కన అయిదు వేలు, దాని పక్కన డెబ్బై. పలక చాలక చివరి అంకెలు చెక్క అంచు మీదికెక్కాయి. 2000000500070. మాస్టారు కొట్టలేదు, తిట్టలేదు. వాణ్ని నిలబెట్టి, కుడి నించి కామాలు పెట్టించి, వాడి చేతే చదివించారు. రెండు లక్షల కోట్ల అయిదు లక్షల డెబ్బై! "ఇరవై లక్షలడిగితే ఇంత ఇచ్చావు, నీది దొడ్డ చెయ్యిరా" అన్నారు. క్లాసంతా నవ్వు, వాడూ నవ్వాడు. అప్పుడు బోర్డు మీద ఏడు గళ్లు గీసి, పైన పది లక్షలు, లక్షలు, పదివేలు, వేలు, వందలు, పదులు, ఒకట్లు అని రాసి, ఒక్కో గడిలో ఒక్కటే అంకె కూర్చోవాలని చెప్పి వాడి చేతే నింపించారు. 20,05,070. మళ్లీ ఎన్నడూ వాడు తప్పు రాయలేదు.

కామాల గొడవ చిన్నదే. మన పద్ధతిలో కుడి నించి మొదట మూడంకెలకి, ఆ తరవాత రెండేసికి. అమెరికాలో మీ అత్త పిల్లలు మూడేసి అంకెలకి పెడతారు. వాళ్లు మన జనాభాని 84,580,777 అని రాసి, ఎనభై నాలుగు మిలియన్లతో మొదలుపెట్టి చదువుతారు. పది లక్షలు మిలియన్, నూరు కోట్లు బిలియన్. అంకెలు చెక్కుచెదరవు, కామాలు మాత్రమే జరుగుతాయి. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ముందు లక్షలూ కోట్లూ తడుముకోకుండా చదవడం నేర్చుకో, మిలియన్లు వాటంతటవే వస్తాయి.

కోటితో మనవాళ్లు ఆగారనుకునేవు! తొమ్మిదో శతాబ్దంలో మహావీరాచార్యుడు గణితసార సంగ్రహంలో ఇరవై నాలుగు స్థానాలకి పేర్లు పెట్టాడు. దశకోటి, శతకోటి, అర్బుదం, న్యర్బుదం, ఖర్వం అంటూ సాగి మహాక్షోభ దగ్గర ఆగుతాయి. 1150 నాటి లీలావతిలో భాస్కరాచార్యుడు పద్దెనిమిది స్థానాలు చెప్పి పరార్ధంతో ముగించాడు. మహావీరుడి వరసలో పదకొండో స్థానంలో ఉన్న అర్బుదం భాస్కరుడి దగ్గర తొమ్మిదో స్థానంలోనే కనిపిస్తుంది. పేర్లు అటూ ఇటూ మారాయి, ఒక్కో స్థానానికీ పది రెట్లనే కట్టుబాటు మాత్రం ఎవరూ మార్చలేదు.

ఆ మహావీరుడి పుస్తకాన్ని పదకొండో శతాబ్దంలో తెలుగు పద్యాల్లోకి తెచ్చినవాడు మన పావులూరి మల్లన. లెక్కల్ని పద్యాల్లో చెప్పాడురా! అందులో ఒక పద్యం చదరంగం గళ్లది. మొదటి గడిలో ఒకటి, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, ఇలా రెట్టింపు చేసుకుంటూ అరవై నాలుగు గళ్లూ నింపితే మొత్తం ఎంత? 1,84,46,74,40,73,70,95,51,615. ఇరవై అంకెలు. మహావీరుడి వరసలో మొదటి ఒకటి మహాశంఖం మీద కూర్చుంటుంది. ఇంత సంఖ్యని నాలుగు పాదాల్లో ఇమిడ్చాడు మల్లన. చంద్రుడంటే ఒకటి, వేదాలంటే నాలుగు, బాణాలంటే అయిదు, కొండలంటే ఏడు, ఏనుగులంటే ఎనిమిది. ఒకట్ల స్థానంలోని అయిదుతో మొదలుపెట్టి ఎడమవైపుకి నడుస్తాడు. సున్న రావలసిన రెండు చోట్లా ఆకాశాన్ని పెట్టాడు. ఒక్క మాట జారితే సంఖ్య మొత్తం కూలిపోతుందని ఎరిగిన మనిషి, ఆ రెండు ఖాళీ పళ్లేల్నీ దాదాపు వెయ్యేళ్లుగా చెక్కుచెదరకుండా నిలబెట్టాడు.

సరే, నిద్ర ముంచుకొస్తోంది నీకు, ఆవలింతలు లెక్కపెడుతూనే ఉన్నాను. రేపు పొద్దున పేపర్లో ఎక్కడ పెద్ద సంఖ్య కనిపించినా గట్టిగా చదివి నాకు వినిపించు, మనసులో చదివితే ఒప్పుకోను. పడుకునే ముందు మాత్రం మూడు కోట్ల నాలుగు లక్షల అయిదు అంకెల్లో రాసి, ఎన్ని సున్నలొచ్చాయో, ఏ సున్న ఏ స్థానాన్ని కాస్తోందో పక్కనే రాసిపెట్టు. గళ్లు గీసుకునే రాయి.