నింజా గైడెన్

నింజా గైడెన్ జపాన్‌కు చెందిన టెక్మో సంస్థ తయారుచేసి విడుదల చేసిన ఒక వీడియో గేమ్. ఇది నింటెండో వారి 8-బిట్ గేమ్ యంత్రం కోసం రూపొందించబడింది. జపాన్‌లో 1988 డిసెంబరు 9న, ఉత్తర అమెరికాలో 1989 మార్చిలో, ఐరోపాలో 1991లో విడుదలైంది. పక్కకు జరిగే తెరపై సాగే నింజా ఆటలలో ఇది ప్రసిద్ధమైనది. ఆట మధ్యలో సినిమా వలె బొమ్మలతో కథ చెప్పడం, ఆడడానికి మిక్కిలి కష్టంగా ఉండడం అనే రెండు లక్షణాలు దీనికి పేరు తెచ్చాయి.

పేరు

జపాన్‌లో ఈ ఆట పేరు "నింజా ర్యూకెన్‌డెన్". దీనికి "నింజా డ్రాగన్ ఖడ్గ గాథ" అని అర్థం చెప్పవచ్చు. అమెరికాలో వాడిన "గైడెన్" కూడా జపనీస్ పదమే. ప్రధాన కథకు అనుబంధంగా చెప్పే ఉపాఖ్యానాన్ని ఆ భాషలో అలా అంటారు. ఐరోపాలో దీనికి "షాడో వారియర్స్" అని పేరు పెట్టారు. ఆ కాలంలో బ్రిటన్‌లో "నింజా" అనే పదాన్ని పిల్లల కార్యక్రమాల శీర్షికలలో వాడకుండా ఉండేవారు. నింజా తాబేళ్ళ కార్టూన్ ధారావాహిక పేరు కూడా అక్కడ అలాగే మారింది.

ఇదే పేరుతో టెక్మో 1988లో ఆర్కేడ్ యంత్రాలకు మరొక ఆటను విడుదల చేసింది. అది ముష్టియుద్ధ ప్రధానమైనది. ఆడే తీరులో ఈ రెండింటికీ పోలిక తక్కువ.

కథ

కథానాయకుడు ర్యూ హయబుసా అనే యువ నింజా. వెన్నెల రాత్రి జరిగిన ద్వంద్వయుద్ధం తరువాత అతని తండ్రి కెన్ కనిపించకుండా పోతాడు. తాను తిరిగి రాకపోతే వంశపారంపర్యమైన డ్రాగన్ ఖడ్గాన్ని తీసుకొని అమెరికా వెళ్ళి, వాల్టర్ స్మిత్ అనే పురావస్తు శాస్త్రవేత్తను కలుసుకోమని తండ్రి వ్రాసిన ఉత్తరం ర్యూకు దొరుకుతుంది. పూర్వం ఒక రాక్షసుని శక్తిని రెండు విగ్రహాలలో బంధించారని, అవి రెండూ ఒకచోట చేరితే రాక్షసుడు తిరిగి లేస్తాడని స్మిత్ ద్వారా తెలుస్తుంది. ఆ విగ్రహాల కోసం ప్రయత్నించే జాకియో అనే దుష్టుని వెదుకుతూ ర్యూ దక్షిణ అమెరికాలోని ప్రాచీన ఆలయానికి వెళతాడు. చనిపోయాడనుకున్న తండ్రి అక్కడ జాకియో వశంలో శత్రువుగా ఎదురవడం కథలో కీలక ఘట్టం.

ఆడే విధానం

ఆటగాడు ర్యూను కుడి ఎడమలకు నడిపిస్తూ, గోతులు దూకిస్తూ, ఖడ్గంతో శత్రువులను నరకాలి. పాత్ర ముందుకు సాగే కొద్దీ, కదిలే రైలు కిటికీలో దృశ్యం వలె వెనుక ఉన్న చిత్రం జరుగుతుంది. ర్యూ గోడలను పట్టుకొని వేలాడగలడు. ఎదురెదురుగా ఉన్న రెండు గోడల మధ్య దూకుతూ పైకి చేరగలడు. దారిలో దొరికే శక్తిని ఖర్చుచేసి, విసిరే నక్షత్రాయుధాలను ఉపయోగించవచ్చు. కాలాన్ని కొన్ని క్షణాలు ఆపే గడియ, చుట్టూ తిరిగే అగ్నికవచం కూడా దారిలో దొరుకుతాయి; వీటికి శక్తి ఖర్చు కాదు. ఆట మొత్తం 6 అంకాలుగా విభజింపబడింది.

కథా చిత్రణ

ఈ ఆటకు దర్శకుడు హిదెయో యోషిజావా. మసాతో కతో చిత్రరచనలో పాలుపంచుకున్నాడు. ఇతడు తరువాత క్రోనో ట్రిగ్గర్ (1995) ఆట రచయితలలో ఒకడయ్యాడు. కీజి యమగిషి తదితరులు సంగీతం సమకూర్చారు. అప్పటి అనేక ఆటలలో కథ వెంట ఇచ్చే పుస్తకంలో మాత్రమే ఉండేది. ఇక్కడ అంకాల మధ్య పెద్ద ముఖచిత్రాలు, మారే కెమెరా కోణాలు, సంభాషణలు, సంగీతం కలిసి కథను నడిపిస్తాయి. ఈ పద్ధతికి టెక్మో "టెక్మో థియేటర్" అని పేరు పెట్టింది. ఇదంతా 256 కిలోబైట్ల క్యాసెట్‌లో ఇమిడింది.

కాఠిన్యంపై విమర్శ

శత్రువు తగలగానే ర్యూ వెనక్కు ఎగిరిపడతాడు. గోతి అంచున పక్షి తగిలితే ఒక్క దెబ్బకే ప్రాణం పోతుంది. చంపిన శత్రువు కూడా, తెర కాస్త వెనక్కు జరిగితే మళ్ళీ అదే చోట పుడతాడు. చివరి శత్రువుల చేతిలో ఓడితే ఆరవ అంకం మొదటి నుండి ఆడవలసిందే. ఇది అన్యాయమని కొందరు విమర్శించారు. అయితే శత్రువులు ఎప్పుడూ నిర్ణీత స్థానాల నుండే వస్తారు. కాబట్టి పద్యాన్ని వల్లెవేసినట్లు దారిని కంఠస్థం చేసిన ఆటగాడు దీనిని గెలవగలడు. ఓడిన తరువాత కొనసాగించే అవకాశాలకు పరిమితి కూడా లేదు. తరువాతి ఘట్టంలో కథ ఏమవుతుందోనన్న ఆసక్తి మళ్ళీ ప్రయత్నించడానికి ప్రేరణగా నిలుస్తుంది. ఈ విధంగా ఆట కాఠిన్యము, కథ ఒకదానికొకటి తోడయ్యాయి.

భారతదేశంలో

1990వ దశకంలో గోదావరి జిల్లాలతో సహా ఆంధ్రప్రదేశ్ పట్టణాలలోని పిల్లలకు ఈ తరహా 8-బిట్ ఆటలు ఎక్కువగా నింటెండో యంత్రానికి నకళ్ళుగా తయారైన, టీవీకి తగిలించే చౌక యంత్రాల ద్వారా పరిచయమయ్యాయి. నింజా గైడెన్‌లో ఆటను భద్రపరచే సౌకర్యం గాని, సంకేతపదం గాని లేవు. కనుక మధ్యలో కరెంటు పోతే ఎంత దూరం చేరినవారైనా తిరిగి మొదటి అంకంతో ప్రారంభించవలసి ఉంటుంది.

తరువాతి ఆటలు

దీని కొనసాగింపులు 1990లోను, 1991లోను వచ్చాయి. 2004లో ఇదే పేరుతో త్రిమితీయ ఆట ఎక్స్‌బాక్స్‌పై విడుదలైంది. 2018లో కెనడాకు చెందిన సాబొటాజ్ స్టూడియో ఈ ఆట స్ఫూర్తితో "ది మెసెంజర్" అనే ఆటను తయారుచేసింది. 2025లో స్పెయిన్‌కు చెందిన ది గేమ్ కిచెన్ తయారుచేసిన "నింజా గైడెన్: రేజ్‌బౌండ్" ద్వారా ఈ వరుస మళ్ళీ పక్కకు జరిగే తెరకు చేరింది.