కండెన్సరు మైక్రోఫోను కథ

కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతములందు నేడు చిందు భాగవతమును గాని, ఇంటిలో పాడిన బతుకమ్మ పాటను గాని సెల్‌ఫోనులో రికార్డు చేయువారు కలరు. ఆ ఫోనులోని మైకుకు మూలపురుషుడు 1916లో అమెరికాలో ఇ. సి. వెంటె నిర్మించిన కండెన్సరు మైక్రోఫోను.

బిగించిన పలుచని లోహపు పొర, దాని వెనుక అతి దగ్గరగా ఒక పలక. రెంటికి నడుమ విద్యుదావేశము. ధ్వని తాకగా పొర కదలును, ఎడము మారును, దానితో వోల్టేజియు మారును. పొర తేలిక గనుక తాళముల సన్నని మ్రోత సైతము చిక్కును. చిక్కంతయు ఆవేశముతోనే! దానిని నిలుపుటకు హెచ్చు వోల్టేజి, సంకేతమును పెంచుటకు ప్రక్కనే వాల్వు కావలెను. కనుక అది చిరకాలము స్టూడియోలు దాటి ఇండ్లకు రాలేదు.

1949 నాటి జర్మన్ మైకు నోయ్‌మన్ యూ-47లో మీట త్రిప్పినచో అన్ని దిక్కుల ధ్వనిని గాని, ముందరి ధ్వనినే ముఖ్యముగా గాని గ్రహింపవచ్చును. చుట్టు కూర్చుండి పాడువారికి మొదటిది, వేదికకు రెండవది తగును. మైకు వీపు లౌడుస్పీకరు వైపు ఉన్నచో కూత తగ్గును.

1962లో బెల్ ప్రయోగశాలలో సెస్లర్, వెస్ట్ అనువారు ప్లాస్టిక్ పొరలోనే ఆవేశమును బంధించిరి. మైకు చౌకయైనది. నేటి ఫోనులలో ఆవగింజంత సిలికాను పొర కలదు. అది అన్ని దిక్కుల వినును. జాతరలో పాటగానికి దగ్గరగా పట్టనిచో డప్పు మ్రోతయే మిగులును.