పరిశోధనకు దూరంగా పల్లె వైద్యులు: ఉదయగిరి, ఆత్మకూరు మెట్ట

మన దేశంలో ఫ్లోరోసిస్ మనుషులకూ వస్తోందని వైద్య పత్రికలకెక్కింది నెల్లూరు జిల్లా పేరుతోనే. 1937లో హెచ్.ఇ. షార్ట్, సి.జి. పండిట్, టి.ఎన్.ఎస్. రాఘవాచారి కలిసి ఇండియన్ మెడికల్ గెజిట్‌లో ప్రచురించిన వ్యాసం శీర్షికలోనే ఈ జిల్లా పేరుంది. వాళ్లు పరిశీలించిన పొదిలి, దర్శి, కనిగిరి వైపు పల్లెలు అప్పట్లో నెల్లూరు జిల్లావి. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడ్డాక అటు వెళ్లాయి. జిల్లా హద్దులు మారినా నేలలో నీరు మారలేదు. అదే మెట్ట దక్షిణానికి సాగి, వెలిగొండల వెంబడి వరికుంటపాడు, ఉదయగిరి, దుత్తలూరు, మర్రిపాడు మీదుగా ఆత్మకూరు దాకా వస్తుంది. సోమశిల నీళ్లు అందే పల్లపు ఊళ్లను పక్కన పెడితే, ఇక్కడ తాగునీటికైనా సాగునీటికైనా ఎక్కువగా బోరే దిక్కు.

ఆ వ్యాసం వచ్చి ఎనభై ఏళ్లు దాటింది. మోకాళ్లు పట్టేసినవాళ్లు, మెడ తిప్పలేనివాళ్లు, పాము కరిచినవాళ్లు ఇప్పటికీ ఇక్కడి ప్రభుత్వాసుపత్రులకు వస్తూనే ఉన్నారు. వాళ్లను చూసే డాక్టర్లు, నర్సులు, ఏఎన్ఎంలు తెలివిలో గానీ చదువులో గానీ 1937 నాటి పరిశోధకులకు తీసిపోరు. అయినా వాళ్ల కళ్ల ముందు జరిగేది పరిశోధనగా బయటికి రావడం చాలా అరుదు. వాళ్లకు ఆసక్తి లేదని తేల్చేయడం సులువే గానీ న్యాయం కాదు. అడ్డంకులు వాళ్ల మనసులో కన్నా వాళ్ల కొలువులోనే ఎక్కువ.

మద్రాసు నుంచి వచ్చిన బృందం

1937 నాటి పని ఎలా సాధ్యపడిందో చూస్తే, నేటి కొరత ఎక్కడుందో తెలుస్తుంది. 1930ల మధ్యలో మద్రాసు రాష్ట్రపు పశువైద్యులు ముందుగా పశువుల్లో ఈ లక్షణాలను పట్టుకున్నారు. తర్వాత సంగతి మనుషుల దాకా వచ్చింది. షార్ట్ గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్ అధిపతి. రాఘవాచారిది అక్కడే నీటి పరీక్షల విభాగం. అదే ఏడాది ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో వచ్చిన మరో వ్యాసంలో షార్ట్‌తో పాటు వైద్యుడు మెక్‌రాబర్ట్, ఎక్స్‌రే నిపుణుడు బర్నార్డ్, మన్నాడి నాయర్ పాలుపంచుకున్నారు. అంటే రోగిని చూసేవారు ఒకరు, ఎముకను ఫిలింలో చదివేవారు ఒకరు, నీటిలో ఫ్లోరైడ్ కొలిచేవారు ఇంకొకరు. వీళ్లందరి వెనుక జీతమిచ్చే ఒక పరిశోధన సంస్థ ఉంది. పండిట్ తర్వాతి కాలంలో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్)కి తొలి డైరెక్టర్ అయ్యారు.

ఆ బృందంలో ఉన్నదేదీ ఉదయగిరి మెట్టలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పీహెచ్‌సీ)లో ఉండదు. ఉన్నదల్లా రోగి, రోగిని చూసే మెడికల్ ఆఫీసర్. రోగి మాత్రం మద్రాసు బృందానికి దొరికినంత సేపు ఈ డాక్టరుకు దొరకడు.

ఓపీ రిజిస్టర్‌లో పట్టనిది

నలభై అయిదేళ్ల రైతు మోకాళ్ల నొప్పులని వచ్చాడనుకుందాం. ఫ్లోరోసిస్ అనుమానానికి మూడు చిన్న పరీక్షలున్నాయి. మోకాళ్లు వంచకుండా వంగి కాలి వేళ్లను తాకమనడం, గడ్డాన్ని ఛాతీకి ఆనించమనడం, చేతులు బారచాపి మడిచి తల వెనక తాకించమనడం. మూడూ కలిపి రెండు నిమిషాల పని. అనుమానం బలపడితే ముంజేతి ఎక్స్‌రే తీయాలి. ముంజేతి రెండు ఎముకల నడుమ ఉన్న పొర గట్టిపడి సున్నం పేరుకుందేమో అందులో తెలుస్తుంది. తర్వాత మూత్ర పరీక్ష. ఫ్లోరైడ్ గాజుతో కలిసే గుణమున్నది కాబట్టి నమూనా ప్లాస్టిక్ సీసాలోనే పట్టాలి. దాన్ని కొలవడానికి అయాన్ మీటర్ కావాలి. ఆ పరికరం జిల్లా కేంద్రపు ల్యాబ్‌లో ఉంటే ఉంటుంది, పల్లె ఆసుపత్రిలో ఉండదు. ఉదయగిరి నుంచి నెల్లూరు దాదాపు వంద కిలోమీటర్లు.

ఇక రాత విషయం. ఓపీ రిజిస్టర్‌లో పేరు, వయసు, ఊరు, బాధ, ఇచ్చిన మందు ఉంటాయి. ఏ బోరు నీళ్లు తాగుతున్నాడు, ఎన్నేళ్లుగా తాగుతున్నాడు, అంతకుముందు ఎక్కడున్నాడు అన్నదానికి గడి లేదు. ఫ్లోరోసిస్ పరిశోధనకు ఆయువుపట్టు ఈ మూడు ప్రశ్నలే. ఉద్యోగం కోసం హైదరాబాదుకో చెన్నైకో వలస వెళ్లి, ముసలితనంలో తిరిగొచ్చినవాళ్లు ఎక్కువగా ఉన్న ప్రాంతం కాబట్టి మూడో ప్రశ్న మరీ ముఖ్యం. ‘మోకాళ్ల నొప్పులు’ అని రాసి నొప్పి మాత్రలిచ్చి పంపేశాక, ఆ రైతు ఎప్పటికీ పరిశోధనకు దొరకడు.

డాక్టరుకు ఆ రెండు నిమిషాలైనా ఎందుకుండవు అన్న ప్రశ్నకు జవాబు కొలువు పద్ధతిలో ఉంది. రాష్ట్రంలో ఒక్కో పీహెచ్‌సీకి ఇద్దరు వైద్యులన్న విధానం వచ్చాక, ఒకరు కేంద్రంలో ఓపీ చూస్తుంటే మరొకరు 104 వాహనంతో ఊళ్లకు వెళ్లడం రివాజైంది. 2023లో మొదలైన ఫ్యామిలీ డాక్టర్ విధానం ఈ ఏర్పాటు మీదే నడిచింది. ప్రజలకు అది మేలే. అయితే ఇద్దరిలో ఒకరు సెలవు పెట్టినా, డిప్యుటేషన్ మీద వెళ్లినా మిగిలినవారికి ఊపిరాడదు. ఓపీ ముగిశాక టీకాలు, కాన్పులు, సమీక్షా సమావేశాలు, పోర్టల్ నమోదులు. 2021 నుంచి జ్వరాలు, విరేచనాల లెక్కలన్నీ ఐహెచ్ఐపీ అనే జాతీయ వేదికలోకి వెళ్తున్నాయి. ఏఎన్ఎం ఊరూరా తిరిగి పోగుచేసిన వివరం పైకి పోతుంది. అది మళ్లీ ఆమె ముందుకు పట్టికగానో పటంగానో వచ్చి, ‘మీ సబ్‌సెంటర్ పరిధిలో ఇది పెరుగుతోంది, ఎందుకో చూడండి’ అని అడిగే ఏర్పాటు బలంగా లేదు.

బదిలీ

తెలుగునేల మీద జరిగిన అతి పెద్ద వైద్య ఆవిష్కరణకూ బదిలీ దెబ్బ తగిలింది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ పొట్ట గోడలో మలేరియా పరాన్నజీవిని చూశాడు. మరుసటి నెలే ఆయనను అక్కడి నుంచి కదిపి, రాజపుతానాలోని ఖేర్వారాకు పంపారు. పరిశోధనకు కావలసిన మలేరియా కేసులు అక్కడ దాదాపు లేవు. పని నెలల తరబడి ఆగిపోయింది. లండన్‌లో ప్యాట్రిక్ మాన్సన్ పట్టుబట్టి ప్రయత్నించబట్టి 1898లో కలకత్తాలో ప్రత్యేక విధి దొరికింది, పక్షుల మలేరియాతో పని పూర్తయింది. మాన్సన్ లాంటి అండ లేని మెడికల్ ఆఫీసర్లకు బదిలీతో పాటే వాళ్ల ప్రశ్న కూడా ముగుస్తుంది.

ఒకేచోట నిలిస్తే ఏమవుతుందో ఇంగ్లండులో విలియం పికిల్స్ చూపించాడు. యార్క్‌షైర్ లోయలోని పల్లెల్లో దశాబ్దాల పాటు సాధారణ వైద్యుడిగా ఉండి, ఎవరికి ఏ రోజు జబ్బు సోకిందో, ఎవరిని కలిశాక సోకిందో రాసిపెట్టుకున్నాడు. 1939లో పల్లె వైద్యంలోని అంటువ్యాధుల మీద ఆయన పుస్తకం వచ్చింది. పెద్ద ప్రయోగశాల ఏదీ ఆయనకు లేదు. మన దేశంలో గడ్చిరోలిలో అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు ఇదే బాట పట్టారు. పల్లె స్త్రీల వ్యాధుల మీద వాళ్ల అధ్యయనం 1989లో లాన్సెట్‌లో వచ్చింది. పదేళ్లకు అదే పత్రికలో, ఊరి ఆరోగ్య కార్యకర్తలు ఇంటివద్దే నవజాత శిశువులను కాపాడవచ్చని నిరూపించారు. అయితే వాళ్లది సొంత సంస్థ. సర్కారీ కొలువులో ఉన్న డాక్టరును ఆ కొలమానంతో కొలవకూడదు.

ఎథిక్స్ కమిటీ, నిధులు

మనుషుల మీద చేసే ఏ అధ్యయనానికైనా ఎథిక్స్ కమిటీ అనుమతి ఉండాలి. 2017 నాటి ఐసీఎంఆర్ మార్గదర్శకాల ప్రకారం ఆ కమిటీలో ఏడుగురి నుంచి పదిహేనుమంది దాకా ఉండాలి. న్యాయం తెలిసినవారు, సామాన్యుల తరఫు వ్యక్తి, సంస్థకు బయటివారు అందులో ఉండి తీరాలి. ఇలాంటి కమిటీ పీహెచ్‌సీ స్థాయిలో ఉండదు. ఉండనక్కర్లేదు కూడా, వేరే సంస్థ కమిటీని ఆశ్రయించే వీలుంది. నెల్లూరులో 2014లో మొదలైన ఏసీ సుబ్బారెడ్డి ప్రభుత్వ వైద్య కళాశాల, అంతకుముందే ఉన్న నారాయణ మెడికల్ కాలేజీ దగ్గరివి. కానీ మెట్టలోని డాక్టరుకూ అక్కడి ప్రొఫెసరుకూ పరిచయం ఎక్కువగా రెఫర్ చీటీ వరకే.

ఈ కట్టుబాట్లను విసుగ్గా చూడటం తగదు. 2009లో ఖమ్మం జిల్లాలో పాత్ అనే సంస్థ ఆధ్వర్యంలో వేలాది గిరిజన, పేద బాలికలకు హెచ్‌పీవీ టీకా వేశారు. చాలామందికి హాస్టల్ వార్డెన్లే తల్లిదండ్రుల బదులు సంతకాలు చేశారని తేలింది. 2010 ఏప్రిల్‌లో ఆ కార్యక్రమం ఆగింది. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం గట్టిగా తప్పుపట్టింది. సమ్మతి పత్రం రోగికి అర్థమయ్యే తెలుగులో, ఉదయగిరి లాంటి చోట ఉర్దూలో కూడా ఉండాల్సిందే. లోపం ఆ నియమంలో లేదు. ఆ పత్రం రాయడం నేర్పేవారు, రాసింది చూసి దిద్దేవారు పల్లె డాక్టరుకు అందుబాటులో లేకపోవడమే లోపం.

నిధులదీ అదే తీరు. పరిశోధన గ్రాంటు వ్యక్తికి కాక సంస్థ ఖాతాకు వస్తుంది, ఖర్చుకు వినియోగ పత్రం చూపాలి. ఆ లెక్క రాసే గుమస్తా పీహెచ్‌సీలో లేడు. చదవడానికీ ఇబ్బందే. 2025 జనవరిలో మొదలైన ‘ఒకే దేశం, ఒకే చందా’ పథకం వేలాది పత్రికలను ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలకూ కేంద్ర పరిశోధన సంస్థలకూ తెరిచింది. ఆ జాబితాలో ఆరోగ్య కేంద్రాలకు చోటు లేదు.

పేరెవరికి?

కొరత పల్లెలదే కాదు. సమీరన్ నంది బృందం 2016లో ప్రచురించిన లెక్క ప్రకారం 2005 నుంచి 2014 దాకా దేశంలోని 579 వైద్య సంస్థల్లో 332 ఒక్క పరిశోధన వ్యాసమూ వెలువరించలేదు. ఏడాదికి వందకు పైగా వ్యాసాలు తెచ్చినవి 25 మాత్రమే. ఎండీ, ఎంఎస్ చదివేవారు థీసిస్ తప్పక రాయాలి. అయినా చాలా థీసిస్‌లు కాలేజీ అల్మరా దాటవు. బోధనాసుపత్రుల్లో పదోన్నతికి వ్యాసాలు అడుగుతారు. డబ్బు తీసుకుని ఏదైనా అచ్చేసే పత్రికలకు అక్కడ గిరాకీ పెరిగింది. మెట్టలోని మెడికల్ ఆఫీసరుకు ఆ ఒత్తిడీ లేదు, ఆ ప్రోత్సాహమూ లేదు. వ్యాసం రాసినా రాయకపోయినా జీతం, బదిలీ, పదోన్నతి ఒకటే.

నర్సులు, ఏఎన్ఎంల స్థితి ఇంకా కష్టం. ఏ ఇంట్లో ఎవరికి నడుం వంగదో, ఏ వీధి పిల్లల పళ్లు గార పట్టాయో వాళ్లకు తెలిసినంతగా ఏ ప్రొఫెసరుకూ తెలియదు. అయినా సర్వేల్లో వాళ్లు వివరాలు తెచ్చేవాళ్లే, రచయితల వరసలో కనబడరు.

అడగదగ్గ ప్రశ్నలు

ఈ మెట్టలో అధ్యయనానికి అర్హమైనది ఫ్లోరైడ్ ఒక్కటే కాదు. డీసీపల్లి, కలిగిరి పొగాకు వేలం కేంద్రాల చుట్టూ పచ్చాకు కోసే, బ్యారన్లలో కాల్చే కూలీల ఆరోగ్యం ఉంది. పాము కాటు ఉంది. 2011లో వెలువడిన జాతీయ అధ్యయనం ప్రకారం 2005లో దేశంలో దాదాపు 45,900 మంది పాము కాటుతో చనిపోయారు, అందులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌వి సుమారు 5,200. యాంటీవీనమ్ తయారీకి విషం ఎక్కువగా తమిళనాడులోని ఇరుళ సహకార సంఘం నుంచి వస్తుంది. ఒకే జాతి పాము విషమైనా ప్రాంతాన్ని బట్టి తేడా ఉంటుంది. కాటు తిన్న మనిషి రక్తాన్ని శుభ్రమైన గాజు గొట్టంలో ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచి, గడ్డకట్టిందో లేదో చూసే పరీక్ష ఇక్కడా చేయగలరు. ఎన్ని వయల్స్‌కు గడ్డకట్టిందో రెండేళ్లు రాసిపెడితే, నెల్లూరు మెట్ట పాములకు ఆ మందు ఎంత పనిచేస్తోందో తెలుస్తుంది.

ఇందుకు పనికొచ్చే ఏర్పాట్లు కొన్ని ఇప్పటికే ఉన్నాయి. 2008-09లో మొదలైన జాతీయ ఫ్లోరోసిస్ నివారణ కార్యక్రమంలో తొలి జిల్లాల్లో నెల్లూరు ఒకటి. పీజీ వైద్య విద్యార్థులు మూడు నెలలు జిల్లా స్థాయి ఆసుపత్రుల్లో పనిచేయాలన్న నియమం వచ్చింది. ఎంబీబీఎస్ విద్యార్థులు కుటుంబాలను దత్తత తీసుకుని వాటి ఆరోగ్యాన్ని గమనిస్తూ ఉండాలి. కేంద్ర ఆరోగ్య పరిశోధన శాఖ గ్రామీణ పరిశోధన కేంద్రాల్లో ఒకదాన్ని చంద్రగిరిలో పెట్టింది. ఉద్దానం కిడ్నీ జబ్బు మీద విశాఖ ఆంధ్రా మెడికల్ కాలేజీ వైద్యులు, జార్జ్ ఇన్‌స్టిట్యూట్ ఊళ్లలోనే సర్వేలు చేశారు. 2023 డిసెంబరులో అక్కడి పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి.

ఉదయగిరి, ఆత్మకూరుకు అంత పెద్ద కట్టడం వెంటనే అక్కర్లేదు. రిజిస్టర్‌లో నీటి వనరుకు ఒక గడి, వారానికి ఒక పూట ఓపీ నుంచి మినహాయింపు, నెల్లూరు వైద్య కళాశాలల్లో పల్లె డాక్టరు ఫోన్ ఎత్తే ఒక గైడ్, నమూనాలను 104 వాహనంలోనే జిల్లా ల్యాబ్‌కు చేర్చే ఉత్తర్వు, అధ్యయనం ముగిసేదాకా బదిలీ ఆపే వెసులుబాటు. వీటిలో మొదటిదానికి ఒక గీత గీస్తే చాలు. చివరిదానికి మాత్రం ప్రభుత్వ ఆదేశం కావాలి.