సంఘము ఎవరికి జవాబుదారి?

గ్రంథాలయమనగా పుస్తకములుంచు ఇల్లని తలచుట నేటి అలవాటు. నిజాము పాలనలో అది అంతకు మించినది. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము, 1904లో మనకు దాపుననున్న హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము వెలసినవి. చందా కట్టి, కార్యదర్శిని ఎన్నుకొని, ఖర్చు దేనికైనదని నిలిచి అడుగుట తెలుగువారు ఇట్టి తావులందే అలవరచుకొనిరి. సర్కారు కచేరీలో రైతునకు ఆ ప్రశ్న వేయు చనవు లేదు.

1921 నవంబరులో హైదరాబాదున జరిగిన సంఘ సంస్కార సభలో అల్లంపల్లి వేంకటరామారావుగారు తెలుగున మాటలాడబోగా గేలి చేసిరి. ఆ అవమానము నుండి ఆంధ్రజన సంఘము పుట్టెను. మాడపాటి హనుమంతరావుగారు దానికి కార్యదర్శి. అదియే 1930లో జోగిపేటయందు, సురవరము ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన, ఆంధ్రమహాసభగా కూడెను.

గస్తీ నిషాన్ 53 అను ఆజ్ఞ ననుసరించి సభ జరుపవలెనన్న ముందుగా సర్కారు అనుమతి పొందవలెను. అనుమతి కావలెనన్న మాట తగ్గవలెను. మాట మరీ తగ్గినచో సభ్యులు ఊరకుండరు. కావున తొలి సభలు విద్య, వర్తకము, వెట్టిచాకిరి, స్త్రీల స్థితి మొదలగు విషయములనే చేపట్టెను. దీనిని పిరికితనమని తరువాతివారు కొందరనిరి. నాకట్లు తోచదు. వెట్టి చేయించుకొను దేశముఖులు, పటేలు పట్వారీలే ఊరి పెద్దలుగా నున్న దినములలో వెట్టిని ఎదిరించుట చిన్న పనియా? లెక్కలు వ్రాయువాడనగుటచే ఈ మాట చెప్పుటకు నాకు కొంత సంకోచము కలదు. ఆ బాధలో పట్వారీ దఫ్తరమునకును పాలు కలదు.

హైదరాబాదు స్టేటు కాంగ్రెసును సర్కారు 1938లో పుట్టకమునుపే నిషేధించెను. 1946 వరకు ఆ నిషేధము తొలగలేదు. నడుమ 1939లో అరవముదు అయ్యంగారు సంఘము నివేదికపై రాజ్యాంగ సంస్కరణలను ప్రకటించిరి. శాసనసభ ఉండును గాని, మంత్రులు దానికి జవాబుదారులు కారు, నిజామునకే. ఇట్టి సభలో చేరుటయా, మానుటయా? నాయకులలో మితవాదులకు చేరుటయందు మక్కువ కలదు. ఆ చర్చ గదిలో ముగియలేదు. 1940లో మల్కాపురము సభయందు ప్రతినిధుల యెదుట జరిగెను. బహిష్కార పక్షమే నెగ్గెను. తలుపులు మూసి సర్దుబాటు చేసికొనియున్నచో ఐకమత్యము మరికొన్నాళ్లు నిలిచియుండునేమో. సభ మాత్రము సభ్యులది కాకపోవును.

1944లో రావి నారాయణరెడ్డిగారి అధ్యక్షతన జరిగిన భువనగిరి సభనాటికి సభ్యత్వ రుసుము ఒక అణాకు దిగెను. నా దృష్టికి ఇది తీర్మానములన్నిటికంటె పెద్ద మార్పు. అణా కట్టిన పాలేరును వకీలుతో సమానముగా చేయెత్తి నాయకుని నిలదీయవచ్చును. మితవాదులు వేరైపోయిరి. తరువాత ఒక పక్షము ఖమ్మమున, మరియొక పక్షము హనుమకొండ చెంతనున్న మడికొండలో, ఆంధ్రమహాసభ అను ఒకే పేరుతో వేరువేరుగ సభలు జరుపుకొనిరి.