రక్తం చెప్పే వయసు: లెక్క ఎవరిది?

వృద్ధుల జనాభా మీద ప్రశ్న వస్తే మనలో చాలామంది పింఛన్లు, 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం, డిపెండెన్సీ రేషియో రాసి ముగించేస్తాం. అదే అంశం సైన్స్ అండ్ టెక్నాలజీలో ఇంకో రూపంలో ఎదురవుతుంది. రక్తపరీక్షతో శరీరం నిజంగా ఎంత ముసలిదైందో, మరణ ప్రమాదం ఎంత ఉందో అంచనా వేయడం. దీన్ని కరెంట్ అఫైర్‌లా కాకుండా చరిత్రగా చదివితే ఒక ప్రశ్న మళ్లీ మళ్లీ తగులుతుంది: భారతీయుడి ఆయుష్షును ఎవరి లెక్కతో కొలుస్తున్నాం?

1. పట్టికల కాలం

1662లో జాన్ గ్రాంట్ అనే లండన్ వర్తకుడు, ఆ నగరంలో వారం వారం వెలువడే మరణాల జాబితాలను పరిశీలించి ఒక పుస్తకం వేశాడు. ఫలానా మనిషి ఎప్పుడు పోతాడో చెప్పలేకపోయినా, వంద మందిలో ఏ వయసుకు ఎందరు మిగులుతారో అంచనా వేయవచ్చని అది చూపింది. 1825లో బీమా గణకుడు బెంజమిన్ గాంపర్ట్జ్ దీనికి సూత్రం కట్టాడు. పెద్దయ్యాక మరణ ప్రమాదం ఏటా దాదాపు ఒకే నిష్పత్తిలో పెరుగుతూ పోతుంది, చక్రవడ్డీలాగా. నేటి లెక్కల్లో అది సుమారు 8 ఏళ్లకోసారి రెట్టింపవుతుంది.

ఇలాంటి లెక్కలు మన దేశంలోకి బీమా కంపెనీల వెంట వచ్చాయి. 1818లో కలకత్తాలో మొదలైన ఓరియంటల్ లైఫ్ ఇన్సూరెన్స్ కంపెనీ యూరోపియన్ల కోసం పెట్టింది. తర్వాత బాబూ మోతీలాల్ సీల్ వంటివారి ప్రయత్నంతో విదేశీ కంపెనీలు భారతీయులకూ పాలసీలు ఇచ్చాయి. కానీ మనవాళ్ల ప్రాణాలను నాసిరకం కింద జమకట్టి భారీగా అదనపు ప్రీమియం వసూలు చేశాయి. 1870 ప్రాంతంలో పుట్టిన బాంబే మ్యూచువల్ భారతీయులకు మామూలు రేటుకే బీమా ఇచ్చింది.

ప్రిలిమ్స్ కోసం మనం బట్టీపట్టే ఈ వాస్తవం వెనుక ఒక పాఠం ఉంది. కరువులు, కలరా వల్ల అప్పట్లో దేశ సగటు మరణాలు ఎక్కువే. అయితే ఆ సగటును ఆరోగ్యంగా ఉన్న పాలసీదారుడి నెత్తిన కూడా రుద్దారు. 1956లో బీమా జాతీయమయ్యాక ఎల్ఐసీ తన పాలసీదారుల అనుభవంతోనే 1970–73 మరణాల పట్టిక తయారుచేసింది. ఇప్పుడు వాడుకలో ఉన్నది 2012–14 నాటి భారతీయ పట్టిక.

2. పట్టిక నుంచి రక్తానికి

ఒకే వయసున్న ఇద్దరిలో ఒకరు ముందు ఎందుకు పోతారు? దీనికి పట్టిక దగ్గర జవాబు లేదు. రక్తంలో వెతకాలంటే ముందు రక్తాన్ని కొలవడం రావాలి. 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో, రంగు గాఢతను బట్టి రక్తంలోని పదార్థాలను కొలిచే పద్ధతులు వచ్చాయి. వాటిలో ఒకటి 1925 నాటి ఫిస్కే–సుబ్బారావు పద్ధతి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి ఫాస్ఫరస్‌ను కొలిచే ఈ పద్ధతిని రూపొందించారు. 1930లో న్యుమోనియా రోగుల రక్తంలో సీఆర్‌పీ అనే ప్రోటీన్ కనిపించింది. శరీరంలో వాపు, ఇన్ఫెక్షన్ ఉంటే ఇది పెరుగుతుంది.

అసలు మలుపు 1948లో వచ్చింది. అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ అనే పట్టణంలో 5,209 మందిని ఎంచుకుని, పరీక్షలు చేసి, తర్వాత దశాబ్దాల పాటు వాళ్లను గమనిస్తూ వచ్చారు. ఎవరికి గుండెజబ్బు వచ్చింది, ఎవరు చనిపోయారు అన్నది మొదటి రోజుల కొలతలతో పోల్చారు. కొలెస్ట్రాల్, రక్తపోటు "రిస్క్ ఫ్యాక్టర్లు"గా మన నోళ్లలో పడింది 1960ల నుంచే. ఇక్కడ గుర్తుంచుకోవాల్సిన పాయింట్: బయోమార్కర్ నిలబడాలంటే రెండు రికార్డులు కావాలి. ఒకటి రక్తానిది, రెండోది మరణానిది.

2018లో మోర్గన్ లెవిన్ బృందం ఇదే దారిలో "ఫీనోఏజ్" అనే సూత్రాన్ని ప్రచురించింది. అమెరికా జాతీయ ఆరోగ్య సర్వేలోని 42 కొలతలతో మొదలుపెట్టి 9 మిగిల్చారు: అల్బుమిన్, క్రియాటినిన్, గ్లూకోజ్, సీఆర్‌పీ, లింఫోసైట్ల శాతం, ఎర్రకణం సగటు పరిమాణం అంటే ఎంసీవీ, ఎర్రకణాల పరిమాణంలోని తేడా అంటే ఆర్‌డీడబ్ల్యూ, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, తెల్లకణాల సంఖ్య. వీటికి అసలు వయసు కలుపుతారు. 50 ఏళ్ల మనిషికి 57 వస్తే, అతని మరణ ప్రమాదం సగటు 57 ఏళ్ల వ్యక్తిని పోలి ఉందని అర్థం. అది ఆయుష్షు తీరే తేదీ కాదు.

3. మన రక్తానికి ఆ సూత్రం సరిపోతుందా?

ఈ తొమ్మిదిలో ఎక్కువ భాగం మన ఊరి ల్యాబ్ సీబీపీ, లివర్, కిడ్నీ రిపోర్టుల్లో ఉండేవే. చిక్కు వాటి అర్థం దగ్గర వస్తుంది. ఐరన్ లోపం ఉంటే ఆర్‌డీడబ్ల్యూ పెరుగుతుంది. ఎన్ఎఫ్‌హెచ్ఎస్–5 ప్రకారం 15–49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. అంటే ఐరన్ మాత్రలతో సరిచేయదగిన లోపాన్ని ఆ సూత్రం ముసలితనంగా చదివే అవకాశం ఉంది. క్రియాటినిన్ కండను బట్టి మారుతుంది. కండ తక్కువున్న మనిషిలో అది తక్కువగా కనిపించి కిడ్నీ లోపాన్ని దాచేయవచ్చు. పొరపాటు రెండు వైపులా జరుగుతుంది. ఇంజినీరింగ్ భాషలో ఇది క్యాలిబ్రేషన్ సమస్య. మీటర్ మంచిదే, సున్నా ఎక్కడ పెట్టారన్నదే ప్రశ్న.

మనవైపు ప్రయత్నాలు లేకపోలేదు. హైదరాబాద్ సమీప గ్రామాల్లో 1987–90లో జరిగిన పోషకాహార ప్రయోగంలోని పిల్లలను పెద్దయ్యాక కూడా గమనిస్తున్న అధ్యయనం ఏపీక్యాప్స్. 2017–18లో లాసీ సర్వే తొలి విడత 45 ఏళ్లు దాటిన వారితో కలిపి 72 వేల మందికి పైగా చేరింది. అందులో వేలి నుంచి తీసిన రక్తపు చుక్కలను కాగితంపై ఆరబెట్టి పరీక్షకు పంపారు. బెంగళూరు ఐఐఎస్‌సీ "భారత్" అధ్యయనం ఆరోగ్యకరమైన వార్ధక్యానికి భారతీయ ప్రమాణాలు వెతుకుతోంది.

కానీ రెండో రికార్డు? 2020లో నమోదైన మరణాల్లో కారణాన్ని వైద్యులు ధ్రువీకరించినవి 22.5 శాతమే. మిగతా వాటిలో మనిషి పోయాడని తెలుసు, ఎందుకు పోయాడో వైద్యపరంగా తెలియదు. అందుకే 2001 నుంచి మిలియన్ డెత్ స్టడీలో ఇంటింటికీ వెళ్లి కుటుంబసభ్యులను అడిగి కారణం రాబట్టాల్సి వచ్చింది.

ముగింపు

2022లో దేశంలో 60 దాటినవారు సుమారు 14.9 కోట్లు. 2050 నాటికి ప్రతి ఐదుగురిలో ఒకరు ఆ వయసువారే అవుతారు. పరాయి లెక్కతో కట్టిన "రక్తం వయసు" రేపు బీమా ప్రీమియంలోకో, ఉద్యోగ ఫిట్‌నెస్‌లోకో వస్తే ఒకనాటి విదేశీ కంపెనీల అదనపు ప్రీమియం కొత్త వేషంలో తిరిగొచ్చినట్టే. రక్తహీనత ఉన్న కూలీ మహిళ రిపోర్టు చూసి ఆమెకు ఐరన్ మాత్రలు ఇవ్వాలా, ఆమె ప్రాణానికి ధర పెంచాలా అన్నది సైన్స్ ఒక్కటే తేల్చే విషయం కాదు, పాలసీ తేల్చాలి. దానికి ఖరీదైన యంత్రాల కంటే ముందు కావాల్సింది సరిగ్గా రాసిన మరణ ధ్రువపత్రం.

ప్రాక్టీస్ ప్రశ్న: "మరణ నమోదు వ్యవస్థ బలపడకుండా భారతదేశానికి సొంత వార్ధక్య సూచికలు సాధ్యం కావు." చర్చించండి. 250 పదాలు.