గుర్రం అడ్డుపడిన ఉద్యోగం

సివిల్ సర్వీసు పరీక్షలో నెగ్గిన యువకునికి గుర్రపుస్వారీ కూడ వచ్చి తీరాలని ఆంగ్లప్రభుత్వం ఎందుకు నిర్బంధించిందని శ్రోతలకు సందేహం కలుగవచ్చు. ఆనాటి జిల్లా అధికారి కచేరీలో కూర్చుండి పరిపాలిస్తే చాలదు. గ్రామాలు తిరిగి, పంటలు చూచి, గుడారాలలో మకాం చేసి, రైతుల మొరలు వినవలసినవాడు. బాటలు లేని తావులకు గుర్రమే వాహనం. కనుక స్వారీలో కూడ నెగ్గితేనే ఉద్యోగం.

అయితే ఈ భారం అందరికీ సమానం కాదు. గుర్రాలున్న ఇంట పుట్టిన ఆంగ్లబాలునికి స్వారీ ఆటలలో ఒక ఆట. వయసు వచ్చిన తరువాత మొదటిసారి జీను ఎక్కినవాని సంగతి వేరు. పడిపోతానన్న భయంతో అతడు కళ్ళెం బిగించి లాగుతాడు. నోరు నొచ్చిన గుర్రం తల విదలుస్తుంది. భయం ఇనుమడిస్తుంది. చేతిలోని కళ్ళెం ఆధారం కాదనీ, గుర్రం నడకతో కలిసి కదిలే తన నడుమే ఆధారమనీ శరీరానికి తెలియడానికి ఎంతో అభ్యాసం కావాలి. అభ్యాసానికి గుర్రం, గురువు కావాలి. ఆ రెంటికీ ధనం కావాలి.

ఆ ధనం లేనివారిలో ఒకరు అరవింద ఘోష్. 1872లో కలకత్తాలో జన్మించి, ఏడవయేట ఇంగ్లండు చేరిన ఆయన 1890లో సివిల్ సర్వీసు పరీక్షలో 11వ స్థానం పొందారు. కేంబ్రిడ్జిలో చదువుతూ ఉండగా తండ్రి పంపే సొమ్ము సరిగా అందేది కాదు. స్వారీ నేర్పవలసినవాడు రుసుము పుచ్చుకొని, తనను గుర్రానికి వదలిపెట్టాడని ఆయనే అనంతరకాలంలో చెప్పారు. మొదటి పరీక్ష తప్పింది. మరల అవకాశాలిచ్చినా ఆయన పోలేదు. ఆ కొలువుపై తనకు మనసు లేకపోవడమూ అందుకు కారణమని చెప్పుకొన్నారు. ఆయన ఇబ్బందులను వివరిస్తూ కేంబ్రిడ్జి అధ్యాపకుడు ప్రొథెరో లేఖ వ్రాసినా ఫలితం లేకపోయింది. 1892 నవంబరులో ఆయనను తిరస్కరించారు. మరుసటి సంవత్సరమే ఆయన బరోడా సంస్థానంలో ఉద్యోగానికి చేరారు.

పదునారేండ్లు గడచినవి. అలీపూరు బాంబు కేసులో అరవిందులు ముద్దాయి. న్యాయపీఠంపై ఉన్నవాడు బీచ్‌క్రాఫ్ట్, 1890 నాటి ఆ పరీక్షలోనే నెగ్గినవాడు. ఒకే పరీక్షలో నెగ్గిన ఇద్దరిలో ఒకరు పీఠంమీద, మరొకరు బోనులో. 1909 మే 6వ తేదీన బీచ్‌క్రాఫ్ట్ ఆయనను నిర్దోషిగా విడుదల చేశాడు.

స్వారీని కొలువవలసిన పరీక్ష అరవిందుల విషయంలో స్వారీకన్న ముందు ఆయన సంచిని కొలిచింది. కొలువు కోరనివానికి అది ద్వారమే తెరిచింది. కాని కొలువు కోరి, స్వారీ నేర్చుకొనే స్తోమత లేనివానికి అది మూసిన తలుపే.