చందమామ వైకుంఠపాళి

వైకుంఠపాళి ఆడిన వాళ్ళందరికీ ఒక సంగతి తెలిసే ఉంటుంది. ఎవరు పరమపదం చేరారన్నది మర్నాటికల్లా మర్చిపోతాం. ఇంక రెండు గళ్ళు దాటితే పండినట్టే అనగా పెద్దపాము నోట్లో పడి అడుక్కి జారిపోయిన మనిషి ఎవరో మాత్రం, పదేళ్ళ తరువాత పెళ్ళి పందిట్లో కూడా చెప్పుకుని నవ్వుకుంటాం. జారిపోయిన ఆవిడే అందరికంటే ఎక్కువ నవ్వుతుంది కూడాను.

ఇప్పుడా పటం కంప్యూటర్లోకి ఎక్కింది. నిచ్చెనల బదులు రాకెట్లు, పరమపదం బదులు చందమామ. మా మనవడు ఆ ఆటలో పడి అన్నానికి పిలిచినా వినిపించుకోకపోతుంటే, ఇదేమిటో, ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుసుకుందామని కూర్చున్నాను. తీరా చూస్తే దీనికి అరవై ఏళ్ళు దాటిన చరిత్ర ఉంది. తవ్వినకొద్దీ కూలిపోయిన నౌకలూ, దారి తప్పిన వీరులూ, వాళ్ళని తలుచుకుని నవ్వుకునే మనుషులూ!

మొట్టమొదట 1962లో అమెరికాలో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో కొందరు కుర్రాళ్ళు బీరువాలంతటి కంప్యూటర్ మీద రెండు నౌకల యుద్ధం ఆట తయారుచేశారు. మధ్యలో ఒక నక్షత్రం ఉంటుంది. దాని ఆకర్షణలో పడితే నౌక సంగతి అంతే. స్టీవ్ రస్సెల్ అనే అతను ముఖ్యంగా దాన్ని రాశాడు. ఇంకో కుర్రాడు వెనకాల మెరిసే చుక్కలు కూడా ఆకాశంలో ఉన్నవి ఉన్నట్టే ఉండాలని పట్టుబట్టి అలాగే పెట్టాడట. ఆటకి అంత నిజం దేనికంటారా? అక్కడే ఉంది కిటుకంతా.

అసలు కథ 1969లో. ఆ జులైలో ఆర్మ్‌స్ట్రాంగ్ చంద్రుడి మీద కాలుపెట్టాడు. కొద్ది నెలల తరువాత లెక్సింగ్టన్ అనే ఊళ్ళో జిమ్ స్టోరర్ అనే హైస్కూలు కుర్రాడు తమ బడి కంప్యూటర్ మీద చంద్రుడి మీద దిగే ఆట ఒకటి రాశాడు. బొమ్మలూ రంగులూ లేవు. టైపు యంత్రం టకటకమంటూ కాగితం మీద అంకెలు కొట్టేది, అంతే. ఎంత సేపయింది, ఎంత ఎత్తులో ఉన్నావు, ఎంత వేగంతో పడుతున్నావు, ఇంకెంత ఇంధనం ఉంది. మొదలుపెట్టేటప్పటికి ఎత్తు 120 మైళ్ళు, వేగం గంటకి 3,600 మైళ్ళు. ఊరికే కూర్చుంటే సుమారు రెండు నిమిషాల్లో నేలకి కొట్టుకుంటావు. పది సెకన్లకి ఒకసారి యంత్రం అడుగుతుంది, ఇంజను ఎంత మండించమంటావని. సెకనుకి 8 నుంచి 200 పౌండ్ల దాకా ఎంతైనా చెప్పొచ్చు, లేదా సున్నా అని ఊరుకోవచ్చు.

వినడానికి తేలికే. కానీ గ్యాసు సిలిండరు నెలాఖరు దాకా రావాలని లెక్క చూసుకునే ఇల్లాలికి ఇందులో కష్టం చప్పున అర్థమవుతుంది. భయపడి ముందే మండించామా, దిగేలోపల ఇంధనం ఖాళీ. పొదుపు చేద్దామని ఆలస్యం చేశామా, నేల దగ్గరికొచ్చాక ఎంత మండించినా ఆగదు. చాలాసేపు గుండె చిక్కబట్టుకుని ఊరికే పడి, చివర్లో గట్టిగా మండించినవాడికే ఇంధనం మిగులుతుంది. ఆ ధైర్యం మొదటిసారే ఎవరికొస్తుంది?

ఆ కుర్రాడి గడుసుతనం చూడండి. బాగా దిగితే యంత్రం పొడిపొడిగా మెచ్చుకుంటుంది. కొంచెం దెబ్బతింటే, మిగిలిన ప్రాణవాయువు సంగతి ఎత్తి వెటకారం చేస్తుంది. పూర్తిగా కూలిపోతే, నీ మూలంగా చంద్రుడి మీద ఇన్ని అడుగుల లోతున కొత్త గొయ్యి పడిందని కొలిచి మరీ చెబుతుంది! ఓడినవాడికే ఎక్కువ మాటలు. ఇంటికెళ్ళి చెప్పుకోవడానికి ఎంత లోతు గొయ్యి తవ్వాడో వాడికి లెక్క దొరికేది. యాభై అయిదేళ్ళ తరువాత, 2024లో, ఒకాయన ఆ పాత లెక్కల్ని తిరగేసి ఒక సూత్రంలో రెండుతో భాగించాల్సిన చోట భాగించలేదని కనిపెట్టాడు. అన్నేళ్ళలో అంతమంది ఆడినా ఎవరూ పట్టుకోలేదన్నమాట!

ఆ తరువాత ఈ ఆటకి పిల్లలూ పిల్లల పిల్లలూ పుట్టుకొచ్చారు. 1973లో తెర మీద గీతల బొమ్మలతో ఒకటి వచ్చింది. అందులో చంద్రుడి మీద ఒక చోట మెక్‌డొనాల్డ్స్ వారి ఫలహారశాల ఉంటుంది. సరిగ్గా పక్కన దిగితే వ్యోమగామి నడిచి వెళ్ళి తినడానికి ఏదో తెచ్చుకుంటాడు. దాని మీద కూలిస్తే, చంద్రమండలం మొత్తానికి ఉన్న ఒకే ఒక్కదాన్ని పాడుచేశావని చీవాట్లు. 1979లో అటారీ కంపెనీ నాణెం వేసి ఆడే పెట్టె తెచ్చింది. అందులో ఇంకో నాణెం వేస్తే ఇంకాస్త ఇంధనం. ఇది నాకు నచ్చలేదు. డబ్బుంటే ప్రాణం నిలుస్తుందనే పాఠం పిల్లలకి బయట ఎలాగూ తెలుస్తుంది, ఆటలో కూడా దేనికి?

ఇంతకీ ఆడవాళ్ళు చదవాల్సిన కథ ఇంకొకటుంది. అది స్టోరర్ ఆటకంటే కొంచెం ముందుది.

అపోలో నౌకల్లోని కంప్యూటర్‌కి పాఠాలు నేర్పే బృందంలో మార్గరెట్ హామిల్టన్ అనే ఆవిడ ఉండేది. తరువాత ఆ బృందానికి ఆవిడే నాయకురాలయింది కూడా. రాత్రిళ్ళూ, సెలవురోజుల్లోనూ పనుండేది కాబట్టి చిన్న కూతుర్ని వెంటబెట్టుకుని వెళ్ళేది. ఆఫీసుకి పిల్లని తీసుకెళితే ఏమంటారోనన్న జంకు మనకి కొత్తా? అమ్మ పనిలో ఉంటే, ఆ పిల్ల నమూనా యంత్రం దగ్గర కూర్చుని వ్యోమగామి ఆట ఆడుకునేది. ఒకరోజు ఆ మీటా ఈ మీటా నొక్కింది, అంతే! చంద్రుడి దారిలో ఉన్నట్టు నడుస్తున్న యంత్రం కాస్తా చతికిలబడింది. ఏమిటా అని చూస్తే, నేల మీద ఉండగా, బయలుదేరడానికి ముందు వాడవలసిన పి-01 అనే కార్యక్రమాన్ని నడిదారిలో పిలిచింది పిల్ల.

ఇంకొకరైతే పిల్ల వీపు మీద ఒకటి వేసి, ఇంకెప్పుడూ ముట్టుకోకు అని ఉండేవారు. హామిల్టన్ అలా అనుకోలేదు. పిల్ల చేసిన పని పెద్దవాడు మాత్రం ఎందుకు చేయడు అనుకుంది. అలా పొరపాటున నొక్కినా యంత్రం ఒప్పుకోకుండా ఒక అడ్డు పెడతానని పైవాళ్ళని అడిగింది. వాళ్ళు వద్దన్నారు. మా వ్యోమగాములు ఎంతో శిక్షణ పొందినవాళ్ళు, అలాంటి తప్పు చేయరు అని వాళ్ళ వాదన. చివరికి, ప్రయాణంలో ఉండగా పి-01ని పిలవవద్దని కాగితం మీద ఒక హెచ్చరిక రాయడంతో సరిపెట్టారు. ‘స్టవ్ దగ్గర జాగ్రత్త’ అని గోడకి చీటీ అంటించినట్టు!

1968 డిసెంబరులో అపోలో-8 చంద్రుణ్ణి చుట్టి తిరిగి వస్తోంది. అందులో జిమ్ లోవెల్ ఉన్నాడు. అప్పటికే ఎన్నో గంటలు అంతరిక్షంలో గడిపిన ఉద్దండుడు. ఒకటో నంబరు నక్షత్రం అని చెప్పబోయి, ఒకటో నంబరు కార్యక్రమాన్ని నొక్కాడు. సరిగ్గా పి-01. కంప్యూటర్ తాను ఇంకా నేల మీద బయలుదేరబోతున్నాననుకుని, దారి లెక్కలు తుడిచేసుకుంది. చుట్టూ చీకటి, ముగ్గురు మనుషులు, ఇంటికి లక్షల కిలోమీటర్ల లెక్కన దూరం. కింద హామిల్టన్ బృందం కూర్చుని దారి వెతికింది. పైన లోవెల్ రైగెల్, సిరియస్ నక్షత్రాలని చూసి నౌక ఏ దిక్కుకి తిరిగి ఉందో మళ్ళీ కంప్యూటర్‌కి నేర్పాడు. క్షేమంగా వచ్చారు. ఆ తరువాత ఆవిడ అడిగిన అడ్డు పెట్టడానికి ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. పిల్ల ఆటని ఆటే కదా అని తోసెయ్యని తల్లి ఒకావిడ ఉండబట్టి, ఆ ప్రమాదం ఎలా ఉంటుందో కనీసం ఒకరికి ముందే తెలిసింది.

ఇక మా మనవడి ఆట. దాని పేరు కెర్బల్ స్పేస్ ప్రోగ్రాం. మెక్సికో నగరంలో స్క్వాడ్ అనే ఒక ప్రకటనల కంపెనీలో ఫెలిపే ఫలాంజే అనే అతను పనిచేసేవాడు. కుర్రతనంలో అతను తారాజువ్వలకి రేకు బొమ్మల్ని కట్టి ఎగరేసేవాడట. వాటికి పెట్టుకున్న పేరే కెర్బల్స్. 2011 జూన్‌లో ఆ ఆట బయటికొచ్చింది. గుడ్లగూబ కళ్ళేసుకుని, ఆకుపచ్చగా ఉండే ఆ మరుగుజ్జులకి రాకెట్టు కట్టిపెట్టడం మన పని. వాళ్ళ భూమి మన భూమిలో అడ్డంగా చూస్తే పదోవంతు కూడా లేదు. కానీ ఆకర్షణ సూత్రాలు మాత్రం కెప్లరూ న్యూటనూ చెప్పినవే. వాటితో బేరాల్లేవు.

మావాడు ఒకసారి జెబెడయా అనే వాణ్ణి చంద్రుడి మీద దించాడు. తిరిగి రావడానికి ఇంధనం చాల్లేదు. వాణ్ణి తేవడానికి ఇంకో నౌక పంపాడు. అది పక్కకి ఒరిగి పడిపోయింది. ఇప్పుడు అక్కడ ఇద్దరు! మూడోది పంపితే, దాంట్లో ఇద్దర్నీ ఎక్కించుకుని బయలుదేరాక, ఇల్లు చేరడానికి పిసరంత వేగం తక్కువైంది. అప్పుడు జెబెడయా బయటికొచ్చి, వీపునున్న చిన్న ఇంజనుతో నౌకని వెనకనుంచి తోశాడు, ఆగిపోయిన అంబాసిడర్ కారుని మనం తోసినట్టు. చేరుకున్నారు. ఆ రాత్రి వాడు ఫోన్లో స్నేహితులకి చెప్పిన వైభవం నేను విన్నాను. చేరిన సంగతి ఒక్క ముక్కలో అయిపోయింది. ఒరిగి పడిపోవడం గురించి అరగంట! అవతలివాళ్ళూ తక్కువ తినలేదు. ఒకడి రాకెట్టు నేల మీద ఉండగానే గొడుగు విప్పుకుందట. ఇంకొకడు సౌరఫలకాలు పెట్టకుండా పంపితే దీపాలారిపోయాయట.

వాణ్ణి అన్నిటికంటే ఏడిపించింది మాత్రం రెండు నౌకల్ని కలపడం. ముందున్న దాన్ని అందుకుందామని వేగం పెంచితే అది ఇంకా దూరమైపోతోంది. ఇదేం చోద్యమే అనుకున్నాను. గుడి చుట్టూ ప్రదక్షిణం చేసేవాళ్ళని తలుచుకోండి. వేగం పెంచితే ఇక్కడ మనిషి బయటి వరసలోకి, పెద్ద చుట్టులోకి వెళ్ళిపోతాడు, వెనకబడతాడు. ముందున్నవాళ్ళని అందుకోవాలంటే కాస్త తగ్గి, లోపలి వరసలోకి దిగాలి. అక్కడ చుట్టు చిన్నది, నడకా వేగమే. 1965 జూన్‌లో జెమినై-4లో మెక్‌డివిట్ అనే నిజం వ్యోమగామి, తన రాకెట్టు తాలూకు ఖాళీ తొట్టిని చేరుకోబోయి సరిగ్గా ఇలాగే భంగపడ్డాడు. దానివైపు గురిపెట్టి ఎంత తోసినా అది జారిపోయేది. ఇంధనం బోలెడు తగలేసి చివరికి వదిలేశాడు. లెక్కలు సరిచూసుకుని వెళ్ళాక, అదే ఏడు డిసెంబరులో జెమినై-6, 7 నౌకలు ఒకదానికొకటి అడుగు దూరం దాకా వచ్చాయి. అప్పటికి మహామహులకే కొరుకుడుపడని సంగతి, ఇప్పుడు పదమూడేళ్ళవాడు నాకు ప్రదక్షిణాల లెక్కన వివరించుకోనిచ్చి, అంతే అమ్మమ్మా అన్నాడు.

మనవరాలికి వేరే ఫిర్యాదు ఉండేది. మొదట్లో ఆ ఆటలో అందరూ మగ బొమ్మలేనట. 2015 ఏప్రిల్‌లో ఆట పూర్తి రూపంలో వచ్చినప్పుడు వాలెంటీనా అనే ఆడ వ్యోమగామిని చేర్చారు. 1963లో అంతరిక్షానికి వెళ్ళిన మొదటి స్త్రీ వాలెంటీనా తెరెష్కోవా పేరది. బొమ్మల్లో కూడా యాభై ఏళ్ళు ఆలస్యం! మా పిల్ల వాలెంటీనాని తప్ప ఇంకెవర్నీ ఎక్కించదు. కూల్చేటప్పుడూ ఆవిడే.

ఇదంతా సరదా. కూలితే మళ్ళీ మొదలుపెట్టొచ్చు కాబట్టి సరదా. 2019 సెప్టెంబరు 7 తెల్లవారుజామున, మన శ్రీహరికోట నుంచి వెళ్ళిన చంద్రయాన్-2లోని విక్రమ్ చంద్రుడికి రెండు కిలోమీటర్ల పైచిలుకు ఎత్తులో ఉండగా మాట ఆగిపోయింది. ఆ రాత్రి టీవీ ముందు కూర్చున్న మా ఇంట్లో ఎవరికీ నోట మాట లేదు. మళ్ళీ ఆడదాం అనడానికి అక్కడ మీట లేదు. ఎన్నేళ్ళ పని, ఎంతమంది నిద్ర!

తరువాత ఇస్రో వాళ్ళు చేసిన పని నాకు హామిల్టన్‌ని గుర్తుచేసింది. అన్నీ సవ్యంగా జరిగితే ఎలా దిగుతుందని ఆలోచించడం కంటే, ఏమేం చెడిపోవచ్చు, చెడిపోయినా ఎలా దిగాలి అని లెక్కలు వేసుకున్నారు. కాళ్ళు గట్టిపరిచారు, ఇంధనం ఎక్కువ పోశారు. అంతకుముందు దిగడానికి అరకిలోమీటరు చదరం చోటు చూపిస్తే, ఈసారి నాలుగు కిలోమీటర్ల పొడవు, రెండున్నరకి కాస్త తక్కువ వెడల్పు ఉన్న చోటిచ్చారు. 2023 జులై 14న శ్రీహరికోట నుంచి చంద్రయాన్-3 లేచింది.

ఆగస్టు 23 సాయంత్రం, వంటింట్లో కుక్కరు కట్టేసి అందరం హాల్లోకి చేరాం. తెర మీద అంకెలు. ఆ లెక్సింగ్టన్ కుర్రాడి కాగితం మీద ఉన్నవే, ఇంత ఎత్తు, ఇంత వేగం. నేను ఎత్తు తగ్గుతుంటే గుండె చేత్తో పట్టుకుని కూర్చున్నాను. పక్కన మావాడు అప్పటికి ఎన్ని చంద్రనౌకల్ని కూల్చాడో వాడికే తెలుసు. నా మోచెయ్యి పట్టుకుని ఊపుతూ, ‘అమ్మమ్మా, ఎత్తు కాదు, వేగం చూడు, వేగం!’ అంటున్నాడు. చూశాను. తగ్గుతోంది.